రెండు మానిటర్లలో ఒక్కదాన్నే దూరంగా ఉన్నవారికి చూపించడం: నా అనుభవం

నా టేబుల్ మీద రెండు మానిటర్లు ఉంటాయి. ఎడమ వైపుది పెద్దది, 2560×1440. మెయిల్, లెక్కలు, బ్యాంకు పేజీలు, సొంత గొడవలన్నీ దాని మీదే. కుడి వైపుది 1920×1080. దాని మీద పుస్తకం పేజీలు తప్ప మరొకటి ఉండదు. నేను డీటీపీ పని చేస్తాను. ప్రూఫులు చూసే ఆవిడ వేరే ఊళ్లో ఉంటారు. జూన్ మొదట్లో పెద్ద పుస్తకమొకటి చేతికి వచ్చింది. నేను పీడీఎఫ్ పంపడం, ఆవిడ తప్పులు గుర్తుపెట్టి తిప్పి పంపడం, దిద్ది మళ్లీ పంపడం, అందులో మళ్లీ కొత్త తప్పులు దొరకడం మాకు పాత కథే. ఈసారి ఇద్దరికీ ఓపిక లేదు. నా కుడి మానిటర్‌ను ఆవిడ తన లాప్‌టాప్‌లో నేరుగా చూస్తూ, పేజీలు తానే జరుపుకుంటూ చదివితే, తప్పు కనబడినప్పుడు ఫోన్‌లో చెబితే, నేను అక్కడికక్కడే దిద్దేయవచ్చు. ఎడమ మానిటర్ మాత్రం ఆవిడకు కనబడకూడదు. కోరిక ఇంతే. అది తీరేసరికి నెల చివరికొచ్చింది.

మొదట విండోస్‌లో ఉన్న రిమోట్ డెస్క్‌టాప్‌నే పట్టుకున్నాను. నాది ప్రో ఎడిషన్ కాబట్టి బయటి నుంచి అందులోకి రావడం కుదురుతుంది. హోమ్ ఎడిషన్ అయితే అక్కడే ఆగిపోయేవాణ్ని. ఒక సోమవారం రాత్రి ఆవిడ కనెక్ట్ అయ్యారు. ఆ క్షణమే నా రెండు మానిటర్ల మీదా డెస్క్‌టాప్ మాయమై లాక్ స్క్రీన్ వచ్చింది. అటు ఆవిడ లాప్‌టాప్‌లో నా డెస్క్‌టాప్ అంతా, మెయిల్‌తో సహా, ఆ చిన్న తెరకు సరిపడేలా సర్దుకుని కూర్చుంది. నేను పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వస్తే ఆవిడ బయటికి పోతున్నారు. మామూలు విండోస్‌లో ఒక సమయంలో ఒక్కరికే చోటు. రిమోట్ డెస్క్‌టాప్ తెరను చూపించదు, కంప్యూటర్‌నే అవతలి వారి చేతికి అప్పగించేస్తుంది. మాకు కావలసింది ఇద్దరం ఒకే పేజీని ఒకేసారి చూడడం.

మర్నాడు సాయంత్రమంతా ఆ కనెక్షన్ ఫైల్‌లో ఉండే ‘సెలెక్టెడ్ మానిటర్స్’ అనే వరుసకు బలైంది. పేరు చూస్తే మన కోసమే పెట్టినట్టుంటుంది. తీరా అందులో రాసే అంకెలు చూసేవారి దగ్గరున్న మానిటర్లవి, చూపించేవారివి కావు. ఆవిడకు ఉన్నదే ఒక్క తెర. ఇదే వెతుకులాటలో ఉన్నవారు ఆ వరుస జోలికి పోకండి.

తరువాత వీడియో కాల్. స్క్రీన్ షేర్ నొక్కగానే ఏ మానిటర్ కావాలని అడుగుతుంది, రెండోది ఎంచుకుంటే రెండోదే వెళ్తుంది. గంటసేపు ఏదో చూపించి ముగించాల్సిన వారికి ఇంతకన్నా ఏమీ అక్కరలేదు, ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. మేము కూడా ఆ వారమంతా అలాగే నెట్టుకొచ్చాం. కానీ పేజీ జరపాల్సింది నేనే. “కిందికి... ఇంకొంచెం... అయ్యో, దాటిపోయిందండీ, పైకి” అని ఆవిడ అంటుంటే నా వేలు మౌస్ చక్రం మీద నుంచి కదిలేది కాదు. పేజీ జరిపిన ప్రతిసారీ అక్షరాలు మసకబారి, కాస్త ఆగాక తేటపడేవి. ప్రూఫు చదివేవారి కళ్లకు అది నరకం. పైగా నేను కుర్చీలో ఉంటేనే ఆవిడకు పని. ఆవిడ తెల్లవారుజామున చదువుతారు, నేను ఆ వేళకు లేవను.

దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే పేరున్న సాధనమొకటి వేసుకున్నాం. ఒకసారి పాస్‌వర్డ్ పెట్టేస్తే నేను లేకపోయినా ఆవిడ రావచ్చు. వేగం బాగుంది, అక్షరాలు పరవాలేదు, పేజీలు ఆవిడే జరుపుకుంటున్నారు. అమ్మయ్య అనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గొంతులో ఏదో తప్పు చేసిన బెరుకు. “పైన చిన్న తెర బొమ్మలు రెండు ఉంటే ఏమిటో అని నొక్కానండీ. మీ బ్యాంకు పేజీ వచ్చింది. వెంటనే వెనక్కి వచ్చేశాను, ఏమీ చదవలేదు.” చదవలేదని నాకు తెలుసు. ఆవిడ నాకు సంజాయిషీ చెప్పుకోవలసి రావడమే నాకు కష్టంగా తోచింది. ఆ బొమ్మలు అక్కడ ఉన్నది నొక్కడానికే కదా.

ఆ సాధనంలో ఏ మానిటర్ చూడాలో తేల్చేది చూసేవారు. నా వైపు నుంచి “ఇది ఒక్కటే” అని కట్టడి చేసే మీట ఎంత వెతికినా దొరకలేదు. ఇలాంటివి ఎక్కువగా కంప్యూటర్ బాగుచేసేవారిని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. వారికి అన్ని తెరలూ కావాలి. కాబట్టి వెతికేటప్పుడు “ఒక మానిటర్‌ను ఎంచుకోవచ్చా” అన్న ప్రశ్న చాలదు, ఎంచుకునేది ఎవరు అని అడగాలి.

ఆ ప్రశ్నతో వెతికితే, ఒక కంప్యూటర్ తెరను ఇంకో కంప్యూటర్‌లో చూపించే పాతకాలపు పద్ధతి వీఎన్‌సీ దగ్గర తేలాను. అందులో టైట్‌వీఎన్‌సీ ఉచితం, విండోస్‌లో చక్కగా నడుస్తుంది. దాని సర్వర్‌కు, అంటే చూపించే కంప్యూటర్‌లో నడిచే భాగానికి, ‘షేర్ డిస్‌ప్లే’ అనే ఆదేశం ఇచ్చి పక్కన 2 అని రాస్తే రెండో మానిటర్ ఒక్కటే బయటికి వెళ్తుంది. చూసేవారి వైపు మార్చుకునే బొమ్మలేవీ ఉండవు. కాని సర్వర్ ఆగి మళ్లీ మొదలైతే ఆ ఆదేశం గుర్తుండదు, డెస్క్‌టాప్ మొత్తం తెరుచుకుంటుంది. ఒకసారి భయపడ్డవాణ్ని కాబట్టి దీన్ని నమ్మలేదు.

అసలు మందు సెట్టింగుల్లో ‘ఎక్స్‌ట్రా పోర్ట్స్’ అనే పేజీలో ఉంది. బయటి నుంచి కనెక్షన్లు వచ్చే అంకె వేసిన తలుపే పోర్టు. వీఎన్‌సీ మామూలుగా 5900 పోర్టు మీద వింటుంది. ఈ పేజీలో 5901 అని ఇంకొక పోర్టు చేర్చి, దాని ద్వారా వచ్చేవారికి డెస్క్‌టాప్‌లో ఏ ముక్క కనబడాలో కొలతలతో రాయవచ్చు: వెడల్పు, ఎత్తు, ఎడమ అంచు నుంచి దూరం, పై అంచు నుంచి దూరం. నా కుడి మానిటర్‌కు 1920, 1080, 2560, 0. ఎడమ మానిటర్ 2560 పిక్సెళ్ల వెడల్పు కాబట్టి కుడిది అక్కడి నుంచి మొదలవుతుంది. ఈ అమరిక సర్వర్ ఆగి లేచినా చెరిగిపోదు.

మొదటిసారి ఆవిడ 5901కి వచ్చినప్పుడు పైన నల్లటి పట్టీ, కింద పేజీ సంఖ్యలు కోసేసి కనబడ్డాయి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రెండు మానిటర్ల బొమ్మలు ఉంటాయి కదా, అక్కడ చిన్న మానిటర్ పెద్దదాని పక్కన మధ్యకు జరిగి ఉంది. 1440లోంచి 1080 తీసేస్తే 360, అందులో సగం 180. అంటే కుడి మానిటర్ పై అంచు సున్నా దగ్గర లేదు, 180 దగ్గర ఉంది. ఆ పైనున్న చోట ఏ మానిటరూ లేదు కాబట్టి నలుపు. బొమ్మను లాగి రెండింటి పై అంచులూ కలిపాను. పట్టీ పోయింది, పేజీ సంఖ్యలు తిరిగొచ్చాయి.

ఇంతలో తెల్లవారి పూట చదివిన పేజీల తప్పుల జాబితా వచ్చింది. చూస్తే గుండె జారింది. శ్రద్ధ, వృద్ధి, సిద్ధం, శుద్ధి, ఒక్కటీ సరిగా లేదట, అన్నిచోట్లా ద కింద ద వత్తే ఉందట. నా తెర మీద అన్నీ సరిగానే ఉన్నాయి. ద వత్తుకూ ధ వత్తుకూ తేడా కిందనున్న చిన్న నిలువు గీత ఒక్కటే. వీఎన్‌సీ బొమ్మను పంపేటప్పుడు బరువు తగ్గించడానికి జేపెగ్‌గా కుదిస్తుంది. ఫొటోలకు అది బాగానే ఉంటుంది గాని, సన్నని గీతల చుట్టూ మురికి పట్టినట్టు చేస్తుంది. ఆ మురికిలో వత్తు గీత కలిసిపోయింది. ఆవిడ దగ్గరున్న వ్యూయర్‌లో, అంటే తెరను చూసే ప్రోగ్రామ్‌లో, జేపెగ్ గుర్తు తీసేయించాను. గీత ఎక్కడిదక్కడ నిలబడింది.

జేపెగ్ లేకపోతే నెమ్మదిస్తుందని భయపడ్డాను. కాని రెండు మానిటర్లూ కలిపిన దీర్ఘచతురస్రంలో 64 లక్షల పైచిలుకు పిక్సెళ్లు ఉంటే, కుడి మానిటర్‌లో 20 లక్షల 70 వేలే. మూడో వంతు కూడా లేదు కాబట్టి కుదించకుండా పంపినా ఆవిడ కనెక్షన్ మోసింది.

ఇంకో ఇబ్బంది మిగిలింది. ఆవిడ లాప్‌టాప్ తెర 1366×768. 1920 పిక్సెళ్లను అందులో ఇరికిస్తే అక్షరం 71 శాతానికి కుంచించుకుపోతుంది. అప్పుడు తట్టింది: నేను రాసే కొలత మానిటర్‌దే కానక్కరలేదు, ఏ ముక్కయినా కావచ్చు. 5902 అని మరో పోర్టు చేర్చి, కుడి మానిటర్ మూల నుంచి సరిగ్గా 1366×768 ముక్క ఇచ్చాను. పేజీ కిటికీని ఆ ముక్కలో పట్టేలా సర్దాను. ఆవిడ నిండు తెర పెట్టుకోగానే నా పిక్సెల్ ఆవిడ పిక్సెల్ ఒకటయ్యాయి. “ఇప్పుడు అచ్చు కాగితంలా ఉందండీ” అన్నారు. ఈ పని మొత్తంలో నాకు నిజంగా సంతోషం కలిగిన క్షణం ఇదే. పేజీ మొత్తం తీరు చూడాలంటే 5901, అక్షరాలు చదవాలంటే 5902 అని పంచుకున్నాం.

పాతదే అయినా వీఎన్‌సీతో జాగ్రత్తలు తప్పవు, వీటికి నాకు వారాంతం పట్టింది. దీని పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి, ఎంత పొడవుగా పెట్టినా ఇంతే. టైట్‌వీఎన్‌సీ పంపే తెర దారిలో గుప్తంగా కూడా ఉండదు. అందుకని దీన్ని నేరుగా ఇంటర్నెట్ మీద వదలకూడదు. టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రామ్ ద్వారా మా రెండు కంప్యూటర్ల మధ్య సొంత దారి వేసుకున్నాం. రూటర్‌లో ఒక్క పోర్టూ తెరవాల్సిన అవసరం రాలేదు. సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది బయటి కనెక్షన్లను వడపోసే విండోస్ ఫైర్‌వాల్‌లో తనకు మొత్తంగా అనుమతి రాయించుకుంటుంది. దానితో 5900 కూడా తెరిచే ఉంటుంది, అంటే ఎడమ మానిటర్ కూడా. ఆ అనుమతి తీసేసి, 5900కి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే నియమం ఒకటి, 5901కీ 5902కీ మాత్రమే, అదీ ఆవిడ కంప్యూటర్‌కు మాత్రమే అనుమతి ఇచ్చే నియమం ఒకటి రాశాను. తరువాత ఆవిడ చేత 5900కి ప్రయత్నం చేయించాను. చాలాసేపు తిరిగి కుదరలేదన్న సందేశం వచ్చింది. కనెక్ట్ కాలేదని సంబరపడడం నాకదే మొదటిసారి.

సర్వర్ సెట్టింగుల్లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అనే గుర్తు ఒకటి ఉంటుంది. మేము చూసేసరికి అది పెట్టే ఉంది. ఒక మానిటర్ మాత్రమే చూపించాలని ఇంత తంటాలు పడుతుంటే, ఆ దారిన నా డిస్కులోని ఫోల్డర్లన్నీ తెరుచుకునే ఉన్నాయన్నమాట. తీసేశాను. క్లిప్‌బోర్డూ అంతే. నేను ఎడమ మానిటర్‌లో ఏది కాపీ చేసినా అది ఆవిడ లాప్‌టాప్ క్లిప్‌బోర్డులోకి చేరిపోతుంది. ఒక రచయిత ఫోన్ నంబరు కాపీ చేసుకున్న నిమిషానికి ఆవిడ తన జాబితాలో అది అతికించి, ఇదెక్కడి నుంచి వచ్చిందని అడిగారు. వ్యూయర్‌లో క్లిప్‌బోర్డు పంపిణీ ఆపించాం.

నోటిఫికేషన్ల బెడద మాత్రం దానంతటదే తప్పింది. విండోస్ వాటిని ప్రధాన మానిటర్ మీద చూపిస్తుంది, నా ప్రధాన మానిటర్ ఎడమది. కానీ టాస్క్‌బార్ రెండు మానిటర్ల మీదా కనబడేలా ఉంటే అందులో తెరిచిన కిటికీల పేర్లన్నీ కుడి వైపు కూడా వస్తాయి. దాన్ని ఎడమకే పరిమితం చేశాను.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది. ఒక మధ్యాహ్నం ఎడమ మానిటర్‌లో ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తున్నాను. వాక్యం మధ్యలో ఖాళీలు పడసాగాయి, కర్సర్ దానంతటదే చివరికి ఉరికింది. కీబోర్డు పాడైందనుకుని తిరగేసి దులిపాను. అటు ఆవిడ పేజీ జరగడం లేదని స్పేస్ బార్ మీద స్పేస్ బార్ కొడుతున్నారు. తెరలు రెండైనా కంప్యూటర్‌కు మౌస్ ఒక్కటే, కీబోర్డు దృష్టి పెట్టే కిటికీ ఒక్కటే. నేను చివరిసారి నొక్కింది ఉత్తరం కిటికీ కాబట్టి ఆవిడ కొట్టిన మీటలన్నీ అందులోకే వచ్చాయి. ఆవిడకు కనబడని తెర మీద ఆవిడ వేళ్లు పనిచేస్తున్నాయి.

అప్పుడు పరీక్షించి చూశాను. అవతలి నుంచి ఆల్ట్, ట్యాబ్ కొడితే నా ఎడమ కిటికీలు ముందుకొస్తాయి. విండోస్, షిఫ్ట్, బాణం మీటలు కలిపి నొక్కితే ఎడమ వైపున్న కిటికీ ఎగిరి కుడి మానిటర్ మీదికి, అంటే చూపిస్తున్న తెర మీదికి వచ్చేస్తుంది. ఒక మానిటర్‌నే చూపించడమంటే కళ్లకు గంతలు కట్టడమే గాని చేతులు కట్టడం కాదు. మీటలు కూడా అందించాలంటే అవతలివారు మీకు నమ్మకమైనవారై ఉండాలి. కాకపోతే చూడడానికి మాత్రమే అనుమతించే రెండో పాస్‌వర్డ్ టైట్‌వీఎన్‌సీలో ఉంది, అది ఇవ్వాలి.

ఆవిడ మీద నాకు అపనమ్మకం లేదు, మౌస్ కోసం పెనుగులాటే సమస్య. స్థానికంగా ఉన్నవారికి ప్రాధాన్యం ఇచ్చే మీట ఒకటుంటే పెట్టి చూశాను. నేను టైప్ చేస్తున్నంతసేపూ, ఆపిన తరువాత కాసేపూ ఆవిడ మౌస్ పనిచేయదు. ఆవిడ లాప్‌టాప్ బిగుసుకుపోయిందనుకుని ఆపివేసి మళ్లీ వేశారు, పాపం. తీసేశాను. చివరికి పనికొచ్చింది విండోస్‌లోని చిన్న సదుపాయం: మౌస్ బాణం ఏ కిటికీ మీద ఉంటే, దాన్ని నొక్కకపోయినా చక్రం ఆ కిటికీనే జరుపుతుంది. కాబట్టి ఆవిడ మీటలు ముట్టుకోరు, నొక్కరు, చక్రం మాత్రమే తిప్పుతారు. నేను ఎడమ వైపు మౌస్ లేకుండా టైప్ చేసుకుంటాను. నాకు మౌస్ కావాలంటే ఫోన్‌లో “ఒక్క నిమిషం అమ్మా” అంటాను.

జూన్ చివరి వారంలో ఒక ఉదయం ఆవిడకు ఏమీ కనబడలేదు. ముందు రాత్రి పడుకునే ముందు కుడి మానిటర్‌ను దాని మీటతో ఆర్పేశాను, ఎప్పటిలాగే. అది డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో ఉంది. అలా ఆర్పితే కొన్ని మానిటర్లు కేబుల్ పీకేసినట్టే విండోస్‌కు కనబడతాయి. మానిటర్ లేదనుకుని విండోస్ పేజీ కిటికీని ఎడమ వైపుకు మార్చేసింది, నేను కొలతలతో రాసిన చోటే డెస్క్‌టాప్‌లో లేకుండా పోయింది. ఇంట్లో పడి ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే, నా మానిటర్ వరకు, ఆర్పినా విండోస్ దాన్ని మరచిపోలేదు. కేబుల్ మార్చినా వినని వారికి మానిటర్ ఉన్నట్టు నమ్మించే చిన్న నకిలీ ప్లగ్గులు దొరుకుతాయి. నాకు ఆ ఖర్చు రాలేదు. నిజానికి ఏ ఖర్చూ రాలేదు, సాయంత్రాలు తప్ప.

ఇప్పుడు ఆవిడ తెల్లవారుజామున వచ్చి చదువుకుని పోతున్నారు. నేను లేచేసరికి జాబితా ఉంటుంది. తీరనిది ఒక్కటే. విండోస్ అప్‌డేట్ పెట్టుకుని రాత్రి తనంతట తాను మళ్లీ మొదలైతే, సర్వర్ లేస్తుంది గాని పాస్‌వర్డ్ అడిగే తెర ఎడమ మానిటర్ మీదే వస్తుంది. ఆవిడకు కుడి వైపు ఖాళీ. పాస్‌వర్డ్ లేకుండా నేరుగా తెరుచుకునేలా చేయవచ్చు గాని, ఇన్ని తలుపులు మూసి ఆ ఒక్కటి తెరిచి పెట్టడం నాకిష్టం లేదు. అందుకే అప్‌డేట్లు ఆదివారం మధ్యాహ్నం నేనే దగ్గరుండి పెట్టిస్తున్నాను.